బ్రహ్మకమలం గుబురుగా పెరుగుతోంది, పువ్వు మాత్రం లేదు. తప్పెక్కడ?

నిజాంపేట బాల్కనీ (జులై 6)

అందరికీ నమస్కారం. మొక్క బ్రహ్మకమలం, వయసు నాలుగేళ్ళు. ఐదో అంతస్తు, పడమటి బాల్కనీ, గ్రిల్ పక్కనే ఉంటుంది. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి పొద్దు గుంకేదాకా నేరుగా ఎండ. కుండీ 14 అంగుళాల ప్లాస్టిక్‌ది. మట్టి సగం ఎర్రమట్టి, సగం మాగిన పశువుల ఎరువు. నీళ్ళు రోజూ ఒక మగ్గు: బోరు నీళ్ళు, లేదంటే ఆర్‌వో మిషన్ నుంచి వృథాగా పోయేవి పట్టి పోస్తున్నాం. నెలకోసారి రెండు గుప్పిళ్ళ వర్మీకంపోస్ట్, వారానికోసారి బియ్యం కడిగిన నీళ్ళు.

ఇప్పుడు ఎలా ఉందంటే, మొదట్లోంచి గుండ్రటి కర్రల్లాంటివి ఐదారు లేచి ఐదడుగులు దాటాయి. ఆకులు దండిగా ఉన్నాయి. కొన్నిటి మీద పాలిపోయిన మచ్చలు, మచ్చ నడుమ కాగితంలా ఎండి గోధుమరంగు. కొత్తగా వచ్చేవి పసుపుపచ్చగా వస్తున్నాయి. కిందటేడు ఆగస్టులో రెండు మొగ్గలు వేలెడంత పెరిగి రాలిపోయాయి. ఈ ఏడు అసలు మొగ్గే లేదు.

ఆ కర్రలు కొట్టేయాలా? ఎండ ఎక్కువైందా, తక్కువైందా? "కాక్టసే కదా, ఎండలో పడేసి నీళ్ళు మానెయ్" అని ఒకరు, "పూలమొక్కకి బలం కావాలి, ఇంకా ఎరువెయ్" అని ఇంకొకరు. ఎవరి మాట వినాలి?


మల్కాజిగిరి మిద్దెతోట (జులై 6)

ఇద్దరి మాటా వినకండి. ఇది కాక్టసే, కానీ ఎడారిది కాదు. దక్షిణ మెక్సికో నుంచి మధ్య అమెరికా దాకా ఉన్న అడవుల్లో, చెట్టు కొమ్మల పంగల్లో, రాలిన ఆకులు కుళ్ళి పేరుకున్న పిడికెడు చెత్తలో వేళ్ళు దూర్చి బతుకుతుంది. పైన చెట్టు నీడ ఉంటుంది. వాన పడితే వేరు తడుస్తుంది, ఆ నీళ్ళు నిలవకుండా ఓడిపోతాయి, వెంటనే గాలి తగులుతుంది. ఇంట్లో మనం చేయాల్సిన పనులన్నీ ఇక్కణ్ణించే తేలతాయి. అన్నట్టు మనం ఆకు అంటున్నది ఆకు కాదు, చదునైన కాండం. పువ్వు దాని అంచు నొక్కులోంచి రావడానికి కారణం అదే.

మీ కుండీ చాలా పెద్దది. దాని వేళ్ళు సన్నవి, పైపైనే పరుచుకుంటాయి. 14 అంగుళాల కుండీలో కింది సగం మట్టిలోని తడిని వేరు తాగలేదు, అది అలాగే ఉండిపోతుంది. పైగా సగం పశువుల ఎరువు, రోజూ నీళ్ళు. మీ మొక్కకి 10 అంగుళాలది చాలు. వేళ్ళు కాస్త ఇరుకుగా ఉన్నప్పుడే ఇది బాగా పూస్తుంది.

మట్టి కొలత చెప్తాను: కొబ్బరి పీచు ముక్కలు (పొడి కాదు, ముక్కలు) 3 పాళ్ళు, ఎర్రమట్టి 1, వర్మీకంపోస్ట్ 1, ముతక ఇసుక గానీ పెర్లైట్ (నర్సరీల్లో దొరికే తెల్లటి తేలిక గుళికలు) గానీ 1, గోటంత కట్టెబొగ్గు ముక్కలు అర పాలు. 10 అంగుళాల కుండీకి దోసెడు వేపపిండి కలపండి. కొబ్బరి ముక్కల్ని ఒక రాత్రి నానబెట్టి, రంగు నీళ్ళు పారబోసి, మళ్ళీ ఒకసారి కడగాలి. వాటిలో ఉప్పు ఉంటుంది. కలిపిన మట్టిని తడిపి గుప్పిట్లో పిండితే ముద్ద కట్టకుండా విడిపోవాలి. ముద్ద కట్టిందంటే ఇంకో పాలు ఇసుక.

జులైలో కుండీ మార్చొచ్చా అంటే, మొగ్గలు లేవు కాబట్టి మార్చొచ్చు. మామూలుగా అయితే పూత అయిపోయాక అక్టోబరులో, లేదా ఫిబ్రవరిలో. ముందు కుండీ అడుగు రంధ్రం దగ్గర వాసన చూడండి. పుల్లటి వాసన వస్తే ఆగొద్దు. మట్టి వాసనే వస్తే అక్టోబరు దాకా నీళ్ళు తగ్గించి నడిపించండి.


సైనిక్‌పురి సక్యులెంట్స్ (జులై 6)

పై మాటంతా నిజమే, కానీ "చెట్టు నీడ" అన్న ఒక్క మాట పట్టుకుని చాలామంది దీన్ని ఉత్తరం వైపు బాత్రూమ్ కిటికీ పక్కన పెట్టేస్తారు. అక్కడ ముదురు ఆకుపచ్చగా, సన్నగా, నాజూకుగా సాగుతుంది తప్ప పూయదు. ఎండ కావాలి. ఏ ఎండ అన్నదే లెక్క. ఉదయం 9.30, 10 లోపు రెండు మూడు గంటల ఎండ, ఆ తర్వాత రోజంతా మంచి వెలుతురు. తూర్పు బాల్కనీ ఉంటే కళ్ళు మూసుకుని అక్కడ పెట్టేయండి.

పడమరే ఉందంటారా, గ్రిల్ మీంచి తీసి లోపలి గోడకి ఆనించండి. గ్రిల్‌కి 50 శాతం ఆకుపచ్చ షేడ్‌నెట్ కట్టండి. మీరు చెప్పిన పాలిపోయిన మచ్చలు ఎండదెబ్బే, తెగులు కాదు. వేలితో తడిమితే పొడిగా, పలచగా, గట్టిగా ఉంటుంది. తెగులైతే మచ్చ మెత్తగా, నీరు పట్టినట్టు ఉండి రోజురోజుకీ పాకుతుంది. కాలిన చోటు మళ్ళీ పచ్చబడదు. అలాగని ఆ ఆకు కత్తిరించకండి, మిగతా పచ్చని భాగం మొక్కకి పనికొస్తుంది, పూయనూ పూస్తుంది.

రంగు చూసి తెలుసుకోవచ్చు. లేత ఆకుపచ్చ, అంచు కొద్దిగా ఎరుపెక్కితే వెలుతురు సరిపోయినట్టు. ఒళ్ళంతా పసుపు తిరిగితే ఎక్కువైంది. ముదురాకుపచ్చ అయితే తక్కువైంది.

ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి తూర్పు బాల్కనీలో కూడా నెట్ ఉంచాల్సిందే. ఆ రెండు నెలలూ దీన్ని పెంచాలని చూడొద్దు, కాపాడితే చాలు.


ఉప్పల్ తోట (జులై 7)

ఆర్‌వో నీళ్ళ ముచ్చట ఎవ్వరు చెప్తలేరేంది? అవి పొయ్యకుండ్రి. మిషన్ మంచినీళ్ళు ఇటు తీసి ఉప్పులన్ని అటు తోస్తది. అంటే మీ బోరు నీళ్ళకన్న చిక్కటి ఉప్పునీళ్ళు పోస్తున్నరన్నట్టు. బండలు కడుగనీకి వాడుకోండ్రి. కుండీ అంచుకు తెల్లగ పొర కట్టింది సూడుండ్రి, అదంత ఉప్పే. దాంతోని మట్టికి సున్నం గుణం వట్టి, ఉన్న ఇనుము గూడ వేరుకు అందది. మీ కొత్త చిగుర్లు పసుపుపచ్చగ వచ్చేది అందుకే అయ్యుంటది.

ఇప్పుడు వానకాలమే గదా. మిద్దె మీద రెండు బకెట్లు పెట్టుండ్రి. మొదటి వాన నీళ్ళు వద్దు, దుమ్ముంటది. తర్వాత వాన నీళ్ళు పట్టి, కుండీ ఎంత ఉన్నదో దానికి రెండింతలు మెల్లగ పొయ్యుండ్రి, అడుగుకెంచి ఉప్పంత కొట్టుకపోతది. మూడు నెలలకోసారి గిట్ల కడగాలె. కానీ ఇది మట్టి మార్చినంకనే. ఇప్పుడున్న ఎరువు మట్టిల పోస్తే ఉన్న వేర్లు గూడ కుళ్తయి. ఎండకాలం ఏసీ పైపు నీళ్ళు పట్టుకోండ్రి, దాంట్ల ఉప్పు ఉండది.

ఇంకొకటి. ఆకు అంచు నొక్కులల్ల దూది లెక్క తెల్లగ ఉన్నదా? ఉంటే పిండినల్లి. చీమలు లైను కట్టినయంటే దగ్గర్లనే ఉన్నట్టు. స్పిరిట్ల ముంచిన దూదిపుల్లతోని ఒక్కొక్కటి తుడువుండ్రి. వారం ఆగి మల్ల చూడుండ్రి, గుడ్లు పగుల్తయి. ఎక్కువుంటే లీటరు నీళ్ళల్ల 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్. పొద్దు గుంకినంక కొట్టాలె, ఎండల కొడ్తే కాల్తది. మొగ్గ మీద కొట్టకుండ్రి.


ఎరువుల లెక్క (జులై 7)

ఎరువు సంగతి నేను చెప్తాను, ఎందుకంటే మీ మొక్క ఆకలితో లేదు, అజీర్తితో ఉంది. సగం పశువుల ఎరువు, పైన నెలనెలా వర్మీ, దాని పైన బియ్యం నీళ్ళు. వీటిలో నత్రజని ఆకునీ కర్రనీ లేపుతుంది. ఐదడుగుల కర్రలు అందుకే. వెలుతురు చాలినప్పుడు ఈ మొక్క పూయకపోవడానికి మొదటి కారణం ఇదే.

బియ్యం కడిగిన నీళ్ళు మానేయండి. గంజి మట్టి పైన పొరలా పులిసి చిన్న ఈగల్ని తెస్తుంది. అరటి తొక్కల నీళ్ళు కూడా అంతే, ఈగలు ఎక్కువ, పొటాషియం తక్కువ. కట్టెల బూడిద కొందరు చెప్తారు. మంచి నేలకి మంచిదే, కానీ బోరు నీళ్ళ కుండీకి వద్దు. బూడిదా సున్నం వైపే లాగుతుంది.

ఏడాది లెక్క ఇది. నవంబరు నుంచి జనవరి చివరిదాకా ఏ ఎరువూ లేదు. ఫిబ్రవరి నుంచి మే దాకా 15 రోజులకోసారి 0-52-34 (ఈ అంకెలు వరసగా నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు), లీటరుకి 1 గ్రాము. జూన్ నుంచి సెప్టెంబరు దాకా 19-19-19, అదే 1 గ్రాము, నెలకోసారి చాలు. మొగ్గలు కనబడితే ఈ రెండోది కూడా ఆపేయండి. తలగొట్టిన టీస్పూను సుమారు 5 గ్రాములు, అంటే 5 లీటర్ల బకెట్‌కి ఒకటి. పొడి మట్టిలో ఎరువు నీళ్ళు పోయొద్దు, వేరు మాడుతుంది. ముందురోజు మామూలు నీళ్ళు పోసి ఉండాలి. రెండు రకాలూ విత్తనాలు, పురుగుమందులు అమ్మే కొట్లలో కిలో ప్యాకెట్ దొరుకుతుంది. అలంకారం డబ్బాల్లో పోసి అమ్మే "బ్లూమ్ బూస్టర్"కి పది రెట్లు పెట్టక్కర్లేదు.

ఒక హెచ్చరిక: 0-52-34 పోశాం కదా అని మొగ్గ పుట్టుకురాదు. దాని గొప్పతనం సగం దాంట్లో నత్రజని లేకపోవడమే. అసలు పని చేసేది చలికాలపు విశ్రాంతి. డిసెంబరు, జనవరిల్లో మన రాత్రులు 15 డిగ్రీలకి అటూఇటూ దిగుతాయి. ఆ చల్లదనం, ఆ పొడి దీనికి కావాలి. జాలిపడి ఇంట్లోకి తెచ్చుకోకండి. 10 కంటే దిగుతుందన్న రాత్రి గోడ వారకి జరిపితే చాలు. నీళ్ళు అప్పుడు 10, 12 రోజులకోసారి. ఆకు కొద్దిగా సొట్టబోయి, పలచబడితే కంగారుపడి బకెట్ కుమ్మరించకండి.


నిజాంపేట బాల్కనీ (జులై 8)

అందరికీ ధన్యవాదాలు. కుండీ బోర్లించి చూశాం. పైన నాలుగైదు అంగుళాల దాకా వేళ్ళు తెల్లగా, గట్టిగా ఉన్నాయి. అడుగున మట్టి నల్లగా జిగురు, పుల్లటి వాసన. అక్కడి వేళ్ళు గోధుమరంగు, పట్టి లాగితే పైతొక్క ఊడి చేతికొస్తోంది, లోపల దారం మిగులుతోంది. ఇప్పుడేం చేయాలి? కర్రల సంగతి కూడా చెప్పండి.


మల్కాజిగిరి మిద్దెతోట (జులై 8)

తొక్క ఊడే వేళ్ళన్నీ కుళ్ళినవే. కత్తెరని స్పిరిట్‌తో తుడిచి, తెల్లటి భాగం కనబడేదాకా కత్తిరించేయండి. పాత మట్టి చేతివేళ్ళతో మెల్లగా దులపండి, పంపు కింద పెట్టి కడగొద్దు. కార్బండజిమ్, మాంకోజెబ్ కలిసిన పొడి (కుళ్ళు తెగులు మందు) లీటరుకి 2 గ్రాములు కలిపి వేళ్ళు 10 నిమిషాలు ముంచండి. చేతికి గ్లవ్స్ వేసుకోండి, పిల్లల్ని దగ్గరికి రానీయొద్దు. నీడలో రెండు రోజులు ఆరనిచ్చి, పైన చెప్పిన మట్టిలో నాటండి. ఇంతకుముందు ఎంత లోతులో ఉందో అంతే. కర్ర మొదలు మట్టిలో కూరితే అక్కడ నల్లబడి కుళ్ళుతుంది.

నాటాక ఐదు రోజులు చుక్క నీళ్ళు వద్దు. ఇక్కడే చాలామంది తప్పుతారు, నాటగానే నిండా పోస్తారు, కోసిన వేరులోంచి మళ్ళీ కుళ్ళు మొదలవుతుంది. ఆ తర్వాత వేలు రెండు కణుపుల లోతు గుచ్చి, పొడిగా తగిలితేనే అడుగునుంచి కారేలా పోయండి. కింద పళ్ళెంలో నీళ్ళు నిలిస్తే పారబోయండి. వానల్లో వారం దాటినా అక్కర్లేకపోవచ్చు, మే నెలలో రెండు మూడు రోజులకోసారి పట్టొచ్చు. "రోజూ ఒక మగ్గు" అన్న లెక్క మాత్రం ఏ నెలకీ సరిపడదు.

కర్రలన్నీ కొట్టేయొద్దు, మొన కత్తిరించండి. మొదట్లోంచి గుండ్రంగా లేవడం దీని సహజ గుణం. పై భాగంలో చదునుగా మారుతుంది. అడవిలో చెట్టెక్కడానికి వాడే నిచ్చెన అనుకోండి. కొత్త కర్రని రెండు, రెండున్నర అడుగుల దగ్గర తుంచితే పక్కల నుంచి చదును కొమ్మలు వస్తాయి, అవి ముదిరాక పూస్తాయి. మీకున్న ఐదారింటిలో బలమైనవి మూడు ఉంచుకుని, వేళ్ళు తగ్గాయి కాబట్టి మిగతావి మొదలంటా తీసేయండి.

పాత చదును కొమ్మల జోలికి మాత్రం పోవద్దు. పూత కిందటేడు ముదిరిన కొమ్మల మీద వస్తుంది, ఈ ఏటి లేత వాటి మీద కాదు. ఒక నొక్కు ఒక్కసారే పూస్తుంది, కానీ ఒక్కో కొమ్మకి ఎన్నో నొక్కులు. బాగా లేవని పాతవన్నీ నరికితే రెండేళ్ళ పూత చెత్తబుట్టలోకి పోయినట్టే.


కాప్రా వాసి (జులై 9)

తీసేసిన కర్రల మీది చదును కొమ్మలు పారేయకండి. 6 నుంచి 8 అంగుళాల ముక్కలు చేసి, కింది కొస ఏదో మార్కర్‌తో గుర్తు పెట్టుకోండి. తలకిందులుగా నాటితే నెలల తరబడి అలాగే నిలబడుతుంది. నీడలో వారం ఆరబెట్టాలి, వాన తేమలో పది రోజులు. కోసిన చోటు తోలులా గట్టిపడాలి. అంగుళంన్నర లోతు నాటి, పుల్లకి గుడ్డపీలికతో కట్టండి. నాలుగైదు రోజుల తర్వాత కొద్దిగా నీళ్ళు. మూడు నాలుగు వారాల్లో వేరు పడుతుంది, మెల్లగా లాగితే పట్టు తెలుస్తుంది. నీళ్ళ గ్లాసులోనూ వేళ్ళొస్తాయి, కానీ ఆ వేళ్ళు మట్టిలోకి మార్చాక అలవాటు పడటానికి ఇబ్బంది పడతాయి. పువ్వుకి రెండు మూడేళ్ళు పడుతుంది.

ఒక సందేహం అడగనా? నర్సరీ మేళాల్లో "అసలు హిమాలయ బ్రహ్మకమలం" అని 600కి అమ్ముతున్నారు. అది వేరేదా?


సైనిక్‌పురి సక్యులెంట్స్ (జులై 9)

పేరొకటే, మొక్కలు రెండు. హిమాలయాల బ్రహ్మకమలం సాసూరియా, పొద్దుతిరుగుడు కుటుంబం, ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం. సుమారు 3,700 మీటర్ల పైన చలిలో పెరుగుతుంది. హైదరాబాద్ ఎత్తు 540 మీటర్లు. ఇక్కడ బతకదు, కాబట్టి మేళాలో కుండీలో ఉన్నది అది కాదు. మన ఇళ్ళలో ఉన్నది ఎపిఫిల్లం ఆక్సిపెటాలం, కాక్టస్ కుటుంబం.

కొనేటప్పుడు ఇంకో రెండు చూసుకోండి. కాండం మూడు పలకలుగా, అంచున ముళ్ళతో ఉంటే అది డ్రాగన్ ఫ్రూట్. "ఎర్ర బ్రహ్మకమలం", "గులాబీ బ్రహ్మకమలం" అనేవి సంకర రకాలు, పగలు పూసి రెండు మూడు రోజులుంటాయి. మన వేసవికి తెల్లదానికన్నా సుకుమారం. మొదటి మొక్కగా తీసుకోకండి.


నిజాంపేట బాల్కనీ (మరుసటి ఏడు, జూన్ 21)

పాత చర్చని మళ్ళీ పైకి తెస్తున్నందుకు ఏమనుకోకండి. తూర్పు వైపు మార్చాం, ఎరువు లెక్క పాటించాం. ఇప్పుడు మూడు నొక్కుల్లో ఎర్రటి మొనలు కనిపిస్తున్నాయి. అవి మొగ్గలా, కొత్త కొమ్మలా? మొగ్గలైతే మళ్ళీ రాలకుండా ఏం చేయాలి? ఏ రాత్రి విచ్చుతుందో ముందే తెలుస్తుందా?


మల్కాజిగిరి మిద్దెతోట (జూన్ 21)

ఐదు రోజులాగితే తేలిపోతుంది. కొత్త కొమ్మ పలచగా, చదునుగా, కొసన సన్నని వెంట్రుకల్లాంటి నూగుతో వస్తుంది. మొగ్గ అయితే గుండ్రంగా, మొన తేలి, గులాబీ రంగు తొడిమ మీద చిన్న పొలుసులతో ఉంటుంది.

మొగ్గ అని తేలగానే కుండీ అంచు మీద, బాల్కనీ గోడ వైపు సుద్దముక్కతో గీత పెట్టండి. ఇక దాన్ని జరపొద్దు, తిప్పొద్దు. మొగ్గ వెలుతురు వైపు తిరిగి కూర్చుంటుంది. తిప్పితే రాలిపోవచ్చు. అందరికీ చూపిద్దామని హాల్లోకి తేవడం మొగ్గలు రాలడానికి మొదటి కారణం. రెండోది తడి: మట్టి ఎండిపోవడం, ఆ వెంటనే నిండా పోయడం. ఈ మూడు నాలుగు వారాలూ మట్టి కొంచెం చెమ్మగా ఒకే తీరున ఉండాలి. మూడోది వేరు కుళ్ళు, కిందటిసారి మీది బహుశా ఇదే. మూడు మొగ్గల్లో ఒకటి రాలినా గాబరా వద్దు, మొక్క మోయగలిగినన్నే ఉంచుకుంటుంది. మొగ్గ మీద జిగురు చుక్కలు, వాటికి చీమలు వస్తే అది మొక్క విడిచే తేనే. పిండినల్లి లేదని చూసుకుని వదిలేయండి.

మొన కనబడ్డాక పువ్వుకి 20 నుంచి 30 రోజులు. మొదట కిందికి వేలాడుతుంది. జానెడు దాటాక తొడిమ వంగి, కొంగ మెడలా పైకి లేస్తుంది. మెడ లేచాక రెండు మూడు రోజుల్లోపే. ఆ రోజు సాయంత్రానికి మొగ్గ ఉబ్బి, చుట్టూ ఉన్న గులాబీ దారాలు విడిపోయి, కొసన తెల్లటి సందు కనిపిస్తుంది. ఎనిమిదికి మొదలై పదకొండు, పన్నెండుకి పూర్తిగా విచ్చుతుంది, తెల్లవారేసరికి తల వాలుస్తుంది. వాసన తొమ్మిది దాటాక తెలుస్తుంది. పూజకి కోసేవాళ్ళు పూర్తిగా విచ్చాకే కోయండి. సగంలో కోస్తే ఆగిపోతుంది.

వాడిన పువ్వుని చేత్తో పీకకండి, నొక్కు చీలి అక్కణ్ణించి కుళ్ళు పడుతుంది. నాలుగైదు రోజుల్లో తొడిమ పసుపుపచ్చబడి తనంత తనే ఊడి వస్తుంది. అప్పటికి మిగతా మొగ్గలు ఇంకా ఉంటే సుద్దగీత చెరపకండి.